చీపురు పడని నేల

ఊటవాగు గుంపు బాట మొన్నమొన్న కొట్టిందేనని రామ్‌సింగ్ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసరికి, వెనక వరుసలో కూర్చున్న సుమేరాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకు ఆ అనుమానం పుట్టించింది మరేదో కాదు. ఆమె కంప్యూటర్లో చేసిన బొమ్మే.

సమావేశం భద్రాచలంలో. దుమ్ముగూడెం దాటాక, పర్ణశాల పోయే దారిలో, అడవి అంచున నలభై ఎకరాల్లో యాత్రికుల కోసం ఒక వనం తలపెట్టారు. చుట్టూ ఇనుప కంచె, లోపల పూలమొక్కలు, నీడన బల్లలు. ఆ నలభై ఎకరాల నడుమ నుంచే ఊటవాగు గుంపు వాళ్ళ కాలిబాట పోతుంది. గుంపు అంటే ముప్పై ఇళ్ళ అడవి పల్లె. ఆ బాట పట్టి పోతే వాగు, వాగు దాటితే వాళ్ళ వేల్పు గుట్ట, గుట్ట కింద ఇప్పచెట్లు. వనం పనులు చూసే కమిటీ పెట్టుకున్న నియమం ఒక్కటే. బాట పాతదైతే కంచెలో సందు వదులుతారు. రెండు నెలల కింద నోటీసు వచ్చాక కొట్టుకున్నదైతే మూసేస్తారు. మూస్తే రోడ్డు వెంట ఐదు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. అంతలో తెల్లారి రాలిన ఇప్పపువ్వు పశువుల పాలవుతుంది. ఆ పువ్వు మీదే వాళ్ళకు మూడు నెలలు గడుస్తుంది.

రామ్‌సింగ్ ఆ కమిటీకి పెద్ద. తండాలో పుట్టి, ఇంజినీరై, జీవితమంతా రోడ్లు వేయించి రిటైరైన మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుంది, దాన్ని దాచుకోవాలని కూడా ఆయనకు ఉండదు.

"గీ అంచు చూడుండ్రి," అన్నాడు తెర మీది బొమ్మకు కర్ర చూపిస్తూ. "కత్తితోటి కోసినట్టుంది. కాళ్ళు నడిచిన బాటకు గిట్ల అంచుంటదా? కంచె పడ్తదని తెల్వంగనే పార పట్టిండ్రు. నేను చాన చూసిన గిసొంటియి."

ఆర్కిటెక్ట్ ప్రభాకర్, అంటే సుమేరా పనిచేసే ఆఫీసు యజమాని, లేచి నిలబడ్డాడు. "సార్, అది ఉత్త బొమ్మ సార్."

"ఉత్త బొమ్మైతే నాకెందుకు చూపిస్తున్నవయ్యా? ఊరోళ్ళనడిగితే తాతల నాటిదంటరు. పైనుంచి తీసిన ఫొటోలల్ల చెట్లు తప్ప ఏం కనపడ్త లేదు. నాలుగింటికి మళ్ళ కూసుందం. అప్పటిదాక ఇంకేమన్న ఉంటే తెండ్రి. లేకుంటె కంచె నిండుగ పోతది."

గడియారంలో పదకొండున్నర.

సుమేరాది ఖమ్మం. నాన్న షుకూర్‌కు కమాన్ బజార్లో రఫూ దుకాణం ఉండేది. చిరిగిన కోటు, కాలిన చీర ఆయన చేతిలో పడితే చిరుగు ఎక్కడుండేదో యజమానికే తెలియకుండా పోయేది. "దారం బయట కొనొద్దు బేటీ," అనేవాడు. "అదే బట్ట మడతల్నుంచి తియ్యాలె. రంగు కలిసినా నేత కలవదు, వేరేదైతే." సుమేరా సూది పట్టలేదు. పాలిటెక్నిక్‌లో డ్రాయింగు నేర్చి, బిల్డర్ల కోసం కట్టని ఇళ్ళకు రంగు బొమ్మలు చేసి, ఆరేళ్ళుగా కట్టని తోటలకు చేస్తోంది. తల్లి బేగంను ఎవరైనా మీ అమ్మాయి ఏం పని చేస్తుందని అడిగితే, "లేని తోటలకు ఫొటోలు తీస్తది," అంటుంది. అంతకన్నా బాగా సుమేరా కూడా చెప్పలేదు.

ఆ పనిలో అందరూ చెట్లను చూసి మురుస్తారు గానీ, చెట్లు పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. కష్టమంతా నేలతోనే. కంప్యూటర్లో నేల ఒక పొర, బాట దాని మీద పరిచిన ఇంకో పొర. రెంటికీ మధ్య నలుపు తెలుపుల ముసుగు ఒకటి ఉంటుంది. ముసుగు తెల్లగా ఉన్నచోట బాట కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట నేల. నడుమ బూడిదరంగు ఉంటే అక్కడ రెండూ కలుస్తాయి. గడ్డి బాటలోకి రెండు వేళ్ళు చాచడం, మట్టి గడ్డి మొదళ్ళలోకి పాకడం, ఎండుటాకులు ఓ పక్కకు చేరడం, అన్నీ ఆ బూడిదరంగులోనే. చేయి తిరిగినవాళ్ళు దాని మీదే రోజులు గడుపుతారు. సుమేరా చేయి తిరిగినదే. కానీ ఈసారి బద్ధకించింది. పది రోజుల కింద ఊటవాగుకు పోయి నేల ఫొటోలు తీసుకొచ్చినప్పుడు బాట ఎర్రగా, శుభ్రంగా, గీత గీసినట్టు కనిపించింది. ఉన్నదున్నట్టు పరిచేసింది. ప్రభాకర్ కూడా మెచ్చుకున్నాడు, బాట బాటలా కనపడుతోందని.

ఇప్పుడు ఆ ప్రభాకరే వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"నెట్‌లో గడ్డి ఫొటోలు, టెక్స్చర్లు బోలెడుంటయ్ కదా. నాలుగు దించు. అంచులు కలిపెయ్. పాత బాటలా చెయ్. రెండు గంటల పని."

"ఎక్కడి గడ్డి సార్? ఆ దించేది మన అడవిదేనా?"

"ఎవడికి తెలుస్తది సుమేరా?"

రామ్‌సింగ్‌కు తెలుస్తుంది. ఆ మాట పైకి అనలేదు. అయినా ఆమెను తొలుస్తున్నది అది కాదు. ఊరివాళ్ళు తాతల నాటిదంటున్న బాటకు అంచు అంత పదునుగా ఎందుకుంది? వాళ్ళు అబద్ధమాడుతున్నారా? తాను తీసిన ఫొటోల్లో కూడా అంచు అలాగే ఉంది. సమావేశం నుంచి బయటికి రాగానే ఆమె ఫోను తీసి ఒక్కో ఫొటో పెద్దది చేసి చూసుకుంది. బాట పక్కన గడ్డి తెగి ఉంది. నిజంగానే పార గాట్లు.

"కారిప్పించండి సార్. పోయి వస్తా," అంది.

డ్రైవరు బాగానే తోలినా గుంపు చేరేసరికి పన్నెండు ముప్పావు. ఏప్రిల్ ఎండ నెత్తిన పెళపెళలాడుతోంది. ఇళ్ళ ముందు చాపల మీద ఇప్పపువ్వు ఎండుతూ ఊరంతా తీపి వాసన. పోతయ్య గుంపుకు పెద్ద. కారు చూసి తువ్వాలు దులుపుకుంటూ ఎదురొచ్చాడు. ఆయన వదిన ఎర్రమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. సుమేరా చెంబు అందుకుని పక్కన పెట్టింది.

"పెద్దయ్యా, ఒక్కటి అడుగుతా, దాచకుండా చెప్పాలె. బాట పక్కకు గడ్డి ఎవరు చెక్కిండ్రు?"

పోతయ్య ముఖం విప్పారింది. "మేమే అమ్మా. ఊరంత కలిసి చెక్కినం."

"ఎప్పుడు?"

"నువ్వు ఫోన్ చేసినవ్ కదా, రేపొచ్చి బాట ఫొటోలు తీస్తనని. గా దినమే."

ఎర్రమ్మ అందుకుంది. "సుట్టం వస్తదంటే ఇల్లు అలుకుతం కదా బిడ్డా. నువ్వేమో ఇల్లు సూడనీకి కాదు, బాట సూడనీకి వస్తుంటివి. గందుకే బాటనే ఊడ్సినం. గడ్డి గీకినం, ఆకులెత్తినం, పేడనీళ్ళు చల్లినం. మా కోడలైతే నడుములు పడిపోయినయన్నది. నువ్వు గూడ అన్నవ్, ఎంత నీట్‌గుందో అని. మాకు కడుపు నిండింది."

అన్నది. నిజమే, తనే అన్నది. మెచ్చుకుంటూ అన్నది. చుట్టానికి అలికి పెట్టిన బాటను ఫొటో తీసి, పట్టుకుపోయి వాళ్ళ మీదే సాక్ష్యంగా నిలబెట్టింది. ఉన్నచోటే భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది సుమేరాకు. ఆ తర్వాత తన మీద తనకే పట్టలేని కోపం వచ్చింది. ఆరేళ్ళుగా నేలలు చూస్తున్న మనిషి, చెక్కిన గడ్డిని ఎలా గుర్తుపట్టలేదు?

ఉన్నదున్నట్టు చెప్పింది. పోతయ్య వింటూ వింటూ కూలబడ్డాడు. ఎర్రమ్మ తమ భాషలో ఆయనను ఏదో అడిగింది, ఆయన రెండు మాటల్లో చెప్పాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఊడ్సినందుకా?" అంది చివరికి తెలుగులో. "ఊడ్సినందుకు బాట పోతదా?"

ఒంటిగంటా పది.

"మొత్తం ఊడ్చిండ్రా పెద్దయ్యా? కొసదాకా?"

పోతయ్య వాగు వైపు చేయి చూపించాడు. "వాగు దాక ఊడ్సినం. వాగు అవతల రాయి పాతి ఉంటది. రాయి దాటినంక చీపురు పడొద్దు. గది వేల్పు నేల. ఆకు రాల్తే రాలినట్టే ఉండాలె."

సుమేరాకు ప్రాణం లేచొచ్చింది. అదే బాట, అదే మట్టి, అవే కాళ్ళు. ఊరు తాకని ముక్క ఒకటి ఆ బాటకు మిగిలే ఉంది. దారం అక్కడి నుంచే తీయాలి.

"నేను అక్కడ ఫొటోలు తీసుకోవాలె."

"గుట్ట ఫొటో ఎవ్వలు తియ్యరమ్మా." పోతయ్య గొంతు గట్టిపడింది. "కలెక్టరొచ్చినా తియ్యనియ్యలే."

వాదిస్తే పని చెడుతుందని ఆమెకు తెలుసు. గడియారం చూడకుండా ఉండడానికి చేతులు వెనక్కి కట్టుకుంది. "నాకు గుట్ట వద్దు పెద్దయ్యా. రాయి వద్దు, చెట్లు వద్దు. నేల ఒక్కటే. నేను ఫోను ఇట్ల కిందికి పట్టుకుంటా." మోకాళ్ళ ఎత్తులో ఫోను బోర్లా పట్టి చూపించింది. "ఇంతకు మీదికి లేపను. లేపితే గుంజుకోండి."

పోతయ్య ఎర్రమ్మ వైపు చూశాడు. ఇద్దరూ తమ భాషలో మాట్లాడుకున్నారు. ఆ మాటలు ఎంతకూ తెమలడం లేదు. చెట్టు కింద నిలబడ్డ డ్రైవరు గడియారం వైపు వేలు చూపిస్తున్నాడు.

"చెప్పులిడువు," అన్నాడు పోతయ్య లేస్తూ.

వాగు దాటి రాయి చేరేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. రాయి అవతల నేల చూడగానే ఆ మంట మరిచిపోయింది. బాట అంటే అది. నడుమ జానెడు లోతున దిగి, నున్నగా, రంగు తేలి ఉంది. అక్కణ్ణుంచి అటూ ఇటూ ఎక్కడ బాట ఆగి ఎక్కడ నేల మొదలయిందో వేలు పెట్టి చూపించలేం. ఒకచోట గడ్డి ముందుకొచ్చింది, ఒకచోట వేరు అడ్డం పడి బాటే పక్కకు ఒదిగింది. ఎండుటాకులు గుట్ట వైపుకు చేరి ఉన్నాయి. సుమేరా వంగిన నడుము ఎత్తకుండా, ఫోను మోకాళ్ళు దాటకుండా, అడుగుకో ఫొటో చొప్పున తీసింది. పోతయ్య పక్కనే నడుస్తూ ఆమె చేతినే కనిపెట్టి చూస్తున్నాడు. ఒక్కసారి కాలు జారి చేయి పైకి లేవబోతే, ఆయన ఆమె మణికట్టు పట్టుకుని కిందికి దించాడు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

తిరుగు ప్రయాణంలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పని మొదలెట్టింది. కారు గుంతలో పడ్డప్పుడల్లా గీత చెదిరింది. భద్రాచలంలో ప్రభాకర్ ఆమె పక్కన కుర్చీ వేసుకుని, నిమిషానికోసారి టైము చెప్పి ప్రాణం తీశాడు. వాగు అవతలి నేలలోంచి ఆకులు తీసి, గడ్డి తీసి, వాగు ఇవతలి బాట అంచున పరిచింది. ముసుగులో గట్టి గీత చెరిపి బూడిదరంగు పాకించింది. చెక్కకముందు ఎలా ఉండేదో అలా. నాలుగింటికి రెండు నిమిషాల ముందు బొమ్మ తేలింది. ఆరేళ్ళలో అంత మంచి నేల ఆమె చేయలేదు.

తెర మీద చూసి రామ్‌సింగ్ కుర్చీలో ముందుకు జరిగాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"గిది బాట," అన్నాడు మెల్లిగా. "గిట్లుంటది. మా తండాల గిట్లనే ఉంటుండె." ఫైలు దగ్గరికి లాక్కుని పెన్ను మూత తీశాడు. "మరి పొద్దున చూపిచ్చింది గట్లెందుకుంది?"

"సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం సార్," అన్నాడు ప్రభాకర్ తడుముకోకుండా.

పెన్ను కాగితం మీదికి వంగింది. నోరు మూసుకుని కూర్చుంటే అయిపోతుంది. బాట దక్కుతుంది, ఉద్యోగం దక్కుతుంది, ఎర్రమ్మ ముఖం చూడగలుగుతుంది. కానీ రేపు కంచె వేయడానికి పోయిన వాళ్ళకు వాగు ఇవతల ఈ గడ్డి ఉండదు. చెక్కిన నేల ఉంటుంది. బొమ్మలో ఒకటి చూపించి మోసం చేశారని ఎవరినంటారు? ప్రభాకర్‌ను అనరు. పోతయ్యను అంటారు.

"ప్రాబ్లం కాదు సార్," అంది సుమేరా. "పొద్దున చూపించిందే నిజం. వాగు ఇవతల ఇప్పుడు గట్లనే ఉంది. ఈ గడ్డి నేను పెట్టిన."

ప్రభాకర్ కళ్ళు మూసుకున్నాడు. రామ్‌సింగ్ పెన్ను మూత పెట్టేశాడు.

"అంటే గిది అబద్ధమా?"

"వాగు అవతలిది అక్కడి నేలే సార్. ఇవతల చెక్కిండ్రు. నేను ఫొటోలకు వస్తున్నానని ఊరోళ్ళు బాటను ఊడ్చి, గడ్డి గీకి, పేడనీళ్ళు చల్లిండ్రు. చుట్టానికి చేసినట్టు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రామ్‌సింగ్ నవ్వలేదు. బల్ల మీద చేత్తో చరిచి లేచాడు. "పొద్దున్నించి నన్ను ఆట పట్టిస్తుండ్రా? బండి తియ్యుండ్రి. ఇంక నా కండ్లతోటే చూస్త."

కారు దిగేముందు ప్రభాకర్, "ఆ బాట పోతే నీ నోటి వల్లే పోయినట్టు," అన్నాడు. సుమేరా అప్పటికే ఆ మాట తనలో వందసార్లు అనుకుంది.

ఐదున్నరకు రెండు బండ్లు గుంపులో ఆగేసరికి ఊరంతా బిక్కచచ్చిపోయి నిలబడింది. రామ్‌సింగ్ ఎవరినీ పలకరించకుండా బాట మీద నడిచాడు. వంగి చూశాడు. వేలితో గాటు తడిమాడు. "పార గాటే," అన్నాడు. పోతయ్య ఏదో చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. సుమేరాకు ఇక ఆశ లేదనిపించింది. ఎర్రమ్మ వైపు చూసే ధైర్యం చాలలేదు.

రామ్‌సింగ్ బండిలోంచి నీళ్ళ సీసా తెప్పించాడు. మూత తీసి బాట నడుమ కుమ్మరించాడు.

నీళ్ళు ఇంకలేదు. దుమ్మును దొర్లించుకుంటూ, బాట నడిమి పల్లం వెంట బారెడు పారి, అక్కడ నిలిచాయి. అందరూ వాటినే చూస్తున్నారు. ఆయన రెండడుగులు పక్కకు జరిగి మిగిలిన సగం గడ్డి చెక్కిన మట్టి మీద పోశాడు. బుస్సుమని పీల్చుకుంది. ఇంకో సీసా అడిగాడు. ఇంకో రెండు చోట్ల పోశాడు. మూడు చోట్లా అంతే.

"గడ్డి చెక్కొచ్చు, ఆకులెత్తొచ్చు," అన్నాడు నడుము పట్టుకుని లేస్తూ. ముక్కు మీది కోపం ఎటు పోయిందో. "నేల రెండు నెలల్ల గింత బిగుసుకోదు. తరాలు తొక్కితేనే గిట్లయితది. నేను రోలర్లు తిప్పిచ్చి గూడ గింత గట్టిగ చెయ్యలే."

రామ్‌సింగ్ వాగు దాటి, రాయి దగ్గర పోతయ్య నోరు తెరవకముందే బూట్లు విప్పాడు. అవతల కొంత దూరం ఒక్కడే నడిచి వచ్చాడు. బండి దగ్గరికి తిరిగొచ్చాక, బానెట్ మీద ఫైలు పరిచి రాస్తూ, సుమేరాను పిలిచాడు.

"నువ్వు నోరు మూసుకుంటే నాలుగింటికే సంతకమైపోతుండె. ముసలోణ్ణి ఇంత దూరం తిప్పినవ్."

"బొమ్మ చూసి సంతకం పెడితే సార్," అంది సుమేరా, "రేపు ఇంకెవరో బాట లేని బొమ్మ చూపిస్తరు. దాని మీద కూడా పెడ్తరు."

రామ్‌సింగ్ మళ్ళీ ఫైలు మీదికి వంగాడు. స్వయంగా చూసితిననీ, బాట పాతదనీ, కంచెలో పన్నెండడుగుల సందు వదలవలెననీ రాసి, సంతకం పెట్టి, కమిటీలో మిగతావాళ్ళకు అందించాడు.

పోతయ్య అది తమ భాషలో అందరికీ చెప్పాడు. పిల్లలు అరిచారు. ఎర్రమ్మకు నమ్మకం కుదరలేదు. రామ్‌సింగ్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"రేప్పొద్దుగాల పువ్వు ఏరనీకి పోవచ్చా అయ్యా?"

"రేపేంది, రోజూ పో."

ఆమె తలూపి ఇవతలికి వచ్చి సుమేరా చేయి పట్టుకుంది. ఆమె కళ్ళు మాత్రం ఇంకా ఆ తడి మరకల మీదే ఉన్నాయి. ఏదో నొచ్చుకున్నట్టుంది.

"గా సారు గన్ని నీళ్ళెందుకు పోసిండు బిడ్డా?" అంది గొంతు తగ్గించి. "దుమ్ము లేస్తదని ముందుగాల చెప్తే, ఆయనొచ్చేలోపు మేమే చల్లి పెడ్తుంటిమి కదా."

సుమేరాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ముసలామెను గట్టిగా పట్టుకుని, ఆ బాట మీదే కూర్చుండిపోయింది.